కొస పట్టినవాళ్లు

నేను ఒక జంపఖానాను. పేరు వినగానే, ఓస్, నేల మీద పరిచే గుడ్డే కదా అని పెదవి విరవకండి. గుడ్డనే. కానీ నా మీద ఎంతమంది కూర్చున్నారో, ఏయే బరువులు దించుకొని లేచిపోయారో తెలిస్తే మీ ఇంట్లో సోఫాకు కాస్త సిగ్గు వేస్తుంది. నాకు గర్వం ఎక్కువని పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలు గొణుగుతుంటాయి. ఎక్కువే, ఎవరు కాదన్నారు? ఎందుకు ఎక్కువో చెప్పడానికే ఈవేళ నోరు విప్పాను.

నేను పుట్టింది ఓరుగల్లు కొత్తవాడలో. సమ్మయ్య, ఆయన భార్య కనకలక్ష్మి ఒకే మగ్గం ముందు కూర్చొని నన్ను నేశారు. ఎర్రటి చారలు, ముదురు నీలం అంచు. మధ్యలో ఒకచోట జానెడు మేర నేత మరీ బిగుతుగా ఉంటుంది. ఆ పొద్దు ఆలుమగలకు మాటల్లేవు. కనకలక్ష్మి తన కోపమంతా నా మీద దంచింది. ఇన్నేళ్లలో నేను ఎక్కడెక్కడో చిరిగాను కానీ ఆ జానెడు మాత్రం చెక్కు చెదరలేదు. ఆడమనిషి కోపాన్ని తక్కువ అంచనా వేయకూడదని నాకు అప్పుడే తెలిసింది.

నన్ను నేయించింది గుండ్లమడుగు చర్చిలోని స్త్రీల సమాజం. గుండ్లమడుగు అంటే నాలుగు రైసుమిల్లులు, ఒక బస్టాండు, ఆ వెనక సందులో ఒక పెంకుల చర్చి. ఆ చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఇంట్లో కందిపప్పు లేని రోజు కూడా ఆ పిడికెడు మాత్రం తప్పదు. ఆదివారం ఆ డబ్బా కొంగు చాటున చర్చికి వస్తుంది. అలా చేరిన బియ్యం అమ్మి నన్ను కొన్నారు. అంటే నన్ను కొన్నది ఏ దొరగారి సంచీయో కాదు. బీదింటి ఆడవాళ్ల పిడికెళ్లు. నా వంశం అది.

బేరానికి వచ్చింది ఆ సమాజం పెద్ద సంతోషమ్మ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సమ్మయ్య ఆమెను అడిగాడు.

"ఎంతమంది కూసుంటరమ్మా దీని మీద? కొలత జెప్పాలె గద."

"వచ్చినోళ్లంత కూసుంటరు."

"గట్లంటె ఎట్లనమ్మా? మగ్గానికి ఒక కొలతుంటది."

"నీ మగ్గం ఎంతుంటె గంతనే నెయ్యి. సాలకపోతె మేమే జర జరుగుకుంటం."

సమ్మయ్య నవ్వి మగ్గం మీద దారాలు సర్దుకున్నాడు. నేను మాత్రం ఆ మాట విని పడుగు దారాల్లో నుంచే ఉప్పొంగాను. ఏ సింహాసనం చేసేటప్పుడైనా వడ్రంగితో ఎవరైనా ఇలా అని ఉంటారా?

చాలా ఏళ్లు చర్చిలో నాదే రాజ్యం. ఆదివారం పొద్దున్నే నన్ను పరిచేవారు. ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు, ముందు పిల్లలు. ఆలస్యంగా ఎవరైనా గుమ్మంలో కనిపిస్తే పాట ఆగేది కాదు. పాడుతూనే మోకాళ్లు దగ్గరికి ముడుచుకొని, పాడుతూనే పక్కకు జరిగేవారు. "జర జరుగుండ్రి" అన్న మాట ఆ చర్చిలో ప్రార్థన ముగింపులో చెప్పే ఆమేన్ అంత తరచుగా వినబడేది. కోత పండుగనాడు గుమ్మడికాయలు, చెరుకుగడలు, కాళ్లు కట్టేసిన కోళ్లు కూడా నా మీదే కూర్చున్నాయి. కోళ్లు చేసిన పని నేను ఇక్కడ చెప్పను.

నన్ను పరవాలన్నా మడవాలన్నా ఒక మనిషి చాలదు. అంత బరువు నాది. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకొని గట్టిగా లాగి, ఎదురెదురుగా నడుచుకుంటూ వచ్చి చేతులు కలపాలి. పడనివాళ్లయినా సరే, నన్ను మడవాలంటే ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదు. కొత్తవాళ్లెవరైనా వస్తే సంతోషమ్మ వాళ్లను పేరు అడిగేది కాదు, ఊరు అడిగేది కాదు. ఆరాధన అయిపోగానే, "ఆ కొస పట్టు బిడ్డా" అనేది. పట్టారా, ఇక వాళ్లు ఇంటివాళ్లే.

తరువాత కుర్చీలు వచ్చాయి.

తెచ్చింది జక్కరయ్య. చర్చి కార్యదర్శి, తాళంచెవి ఆయన నడుముకే ఉంటుంది. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆ గొంతుకు ఊళ్లో మైకు అక్కర్లేదు. అందుకే క్రిస్మస్ నాటకంలో ఏటా సత్రం యజమాని వేషం ఆయనదే. నిండు చూలాలిని వెంటబెట్టుకొని తలుపు తట్టిన మనిషితో, "జాగ లేదు! పొండ్రి!" అని ఆయన గర్జిస్తే ముందు వరసలో పిల్లలు ఏడ్చేవారు. నిజానికి మెత్తని మనిషి. ఆయన తండ్రి యోబు చివరి రోజుల్లో మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేక చర్చికి రావడం మానుకున్నాడు. చర్చికి పోలేకపోతున్నానన్న దిగులుతోనే పోయాడు. ఆ బాధతో జక్కరయ్య హాలు నిండా కుర్చీలు కొనిచ్చాడు. ప్రతి కుర్చీ వీపు మీద తెల్ల రంగుతో తండ్రి పేరు రాయించాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? నేను కూడా పట్టలేదు. నన్ను చుట్ట చుట్టి సామాన్ల గదిలో పడేసినప్పుడు మాత్రం కాస్త మండింది.

ఆ గదిలో నా మీద క్రిస్మస్ పాకకు వాడే రెండు అట్టముక్క గొర్రెలు కాపురం పెట్టాయి. ఒక గొర్రెకు చెవి లేదు. నా చుట్ట పొడుగు వల్ల తలుపు పూర్తిగా మూసుకునేది కాదు. ఆ సందులోంచి హాలంతా నాకు కనబడేది.

కుర్చీలతో పాటు ఇంకో వింత వచ్చింది. మన జనం బస్సులో సీటు ఎలా పట్టుకుంటారో మీకు తెలుసు కదా. బస్సు ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు విసురుతారు. రుమాలు పడిందా, సీటు వాళ్లదే. అదే విద్య చర్చిలోకి వచ్చింది. ముందొచ్చినవాళ్లు పక్క కుర్చీ మీద రుమాలు, దాని పక్క కుర్చీ మీద గొడుగు, వెనక కుర్చీ మీద పిల్లాడి టోపీ పెట్టడం మొదలుపెట్టారు. అందరూ మంచివాళ్లే. తోటికోడలి కోసం ఒకరు, వియ్యపురాలి కోసం ఒకరు, అంతా ప్రేమతోనే. ఆ ప్రేమ తెలిసినవాళ్ల దగ్గర ఆగిపోతోందని మాత్రం ఎవరూ గమనించలేదు.

ఒక ఆదివారం యాకమ్మ వచ్చింది. చర్చి వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకొని భర్త రాజమొగిలితో ఉండేది. అతను మిల్లులో బస్తాలు మోసేవాడు. దమ్ము జబ్బు ముదిరి మంచం పట్టాడు. యాకమ్మకు మా దేవుడు తెలియదు, పాటలు మాత్రం గోడ అవతల నుంచి తెలుసు. ఎవరైనా తన పెనిమిటి కోసం ఒక మాట ప్రార్థన చేస్తారేమోనని చెప్పులు విడిచి, కొంగు నిండుగా కప్పుకొని లోపలికి వచ్చింది.

మొదటి వరసలో రుమాలు. రెండో వరసలో గొడుగు. "ఈడ కూసోవచ్చా?" అని ఒకామెను అడిగింది. "మా ఆడిబిడ్డ వస్తాంది," అని ఆమె నవ్వుతూనే చెప్పింది. ఇంకో వరసలో, "మావోళ్లు వస్తాండ్రు." యాకమ్మ వరస వరసకూ వెనక్కి వెనక్కి వచ్చి చివరికి నా గది తలుపు దగ్గర నిలబడింది. నేను చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. నాకు చేతులు లేవు. ఒక పాట అయ్యేదాకా నిలబడి, ఎవరి పనికీ అడ్డం రాకుండా వెళ్లిపోయింది. ఆ ఆడబిడ్డ ఆవేళ రానేలేదు. ఆ కుర్చీలో ప్రసంగం ఆసాంతం రుమాలే కూర్చొని విన్నది.

గుమ్మం బయటి సంగతులు నేను చూసినవి కావు, తరువాత నా మీద కూర్చున్నవాళ్లు చెప్పుకోగా విన్నవి. ఆ వారంలో నల్లా దగ్గర సంతోషమ్మ ఆమెను పలకరించింది. అంతకుముందు పరిచయం లేదు, నీళ్ల దగ్గర పరిచయం ఎందుకు? "ఎప్పుడన్న మా చర్చికి రా బిడ్డా," అంది.

"వచ్చిన అవ్వా. పాటలు మంచిగున్నయ్. జాగ లేకుండె."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. సంతోషమ్మకు మాత్రం ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. బిందె అక్కడే వదిలేసి నేరుగా జక్కరయ్య ఇంటికి వెళ్లింది. కుర్చీలు తీసేయమంది. ఆమె గొంతు పెద్దదని చెప్పాను కదా, ఆయనది ఇంకా పెద్దది. "మా నాయిన పేరును బైట పారేయమంటవా అక్కా?" అని ఆయన. "మీ నాయిన ఉంటె ఆయనే లేచి జాగిచ్చెటోడు తమ్మీ," అని ఆమె. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు. ఒకే చర్చిలో ఒకే దేవుడికి ఇద్దరూ దణ్ణం పెట్టుకొని, చెరో గుమ్మంలోంచి బయటికి పోయేవారు.

వానలు ముదిరాక రాజమొగిలి చనిపోయాడు. వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు కానీ లాభం లేకపోయింది. మధ్యాహ్నం అంబులెన్సు అతన్ని తీసుకొని గుండ్లమడుగు వచ్చింది. యాకమ్మ కిరాయి గదికి ఇంటాయన తాళం వేసి గుమ్మం ముందు నిలబడ్డాడు.

కిరాయి ఇంట్లో శవాన్ని దించనివ్వరు. గుండ్లమడుగువాళ్లే చెడ్డవాళ్లనుకోకండి, చాలా ఊళ్లలో ఈ భయం ఉంది. "ఏమనుకోకు యాకమ్మా, నా బిడ్డ పెండ్లి కుదిరింది. ఆ ఇంట్ల మల్ల ఎవలుంటరు?" అన్నాడు ఆయన. అంటూ ఏడ్చాడు కూడా. తాళం మాత్రం తీయలేదు. సొంతూరికి తీసుకుపోదామంటే మధ్యలో వాగు పొంగి దారి తెగింది. చుట్టాలు అటువైపు ఆగిపోయారు. డ్రైవరుకు ఇంకో పిలుపు వచ్చింది. అతను తప్పనిసరై స్ట్రెచరును చర్చి గేటు పక్కన, కొట్టు రేకు కింద దించి వెళ్లిపోయాడు. ఆ రేకు మనిషి పొడుగుకు చాలలేదు. రాజమొగిలి పాదాలు వానలో తడుస్తున్నాయి. యాకమ్మ తన కొంగు వాటి మీద పట్టుకొని కూర్చుంది. ఏడవడం కూడా లేదు. తన మనిషికి చివరి పూట ఒక కప్పు కావాలి, అంతే ఆమెకు కావలసింది.

చర్చి పాస్టరు అయ్యగారు పక్క ఊరి ప్రార్థన కూడికకు వెళ్లారు. తాళంచెవి జక్కరయ్య దగ్గరే ఉంది. సంతోషమ్మ వానలో తడుస్తూ వెళ్లి, నెలలుగా మాట్లాడని మనిషిని గేటు దాకా లాక్కొచ్చింది. ఆయన స్ట్రెచరును చూశాడు, యాకమ్మను చూశాడు, తాళంచెవి చేతిలో తిప్పుకుంటూ నసిగాడు.

"అయ్యగారు లేరు గదక్కా. మన సంఘపోడు గాదు. రేపు ఎవలన్న అడిగితె నేనేం జెప్పాలె? లోపల అన్ని కుర్చీలే, జాగ..."

"ఆ మాట నాటకంల జెప్పు తమ్మీ. ఈడ జెప్పకు."

నా గదిలోకి ఆ మాట వినబడింది.    ఆ వెనకే, వాన హోరులో, తాళం తిరిగిన చప్పుడైంది.

జక్కరయ్య లోపలికి వచ్చి నేరుగా కుర్చీల దగ్గరికి నడిచాడు. తండ్రి పేరున్న ఆ కుర్చీలను తన చేతులతోనే ఒకదాని మీద ఒకటి పేర్చి, మోసుకుపోయి బయట వానలో పెట్టాడు. ఎవరినీ సాయం పిలవలేదు. ఈలోపు సంతోషమ్మ నా గదిలోకి వచ్చి గొర్రెలను పక్కకు నెట్టి నా కొస పట్టుకొని గుంజింది. నేను కదలను కదా. నా బరువు గురించి గొప్పలు చెప్పుకున్న నేను ఆ ఒక్కసారి నా బరువును తిట్టుకున్నాను. ఆమె మళ్లీ గుంజింది. ఊపిరి అందక గోడకు ఆనుకుంది.

అప్పుడు నా రెండో కొస లేచింది. జక్కరయ్య తడిసిన చేతులతో దాన్ని పట్టుకొని ఉన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా నన్ను హాలులోకి మోసుకొచ్చారు. నెలల తరువాత వాళ్లు పోట్లాట లేకుండా మాట్లాడుకున్న మొదటి మాట, "జర నీ దిక్కు గుంజక్కా, ముడత వడ్డది," అన్నదే.

రాజమొగిలిని బల్ల మీద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. బల్ల ముందు నన్ను పరిచారు. కాసేపట్లో సందులోని ఆడవాళ్లు వచ్చారు. మిల్లు హమాలీలు ఒంటి మీద ఊకతోనే వచ్చారు. చర్చివాళ్లు వచ్చారు. ఆ ఆదివారం ఆడబిడ్డ కోసం రుమాలు పరిచిన ఆమె యాకమ్మను ఒళ్లోకి తీసుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. చివరికి ఇంటాయన కూడా వచ్చాడు. గుమ్మంలో తలవంచుకొని నిలబడితే హమాలీ ఒకతను, "కూసోండ్రి సేటూ," అని పక్కకు జరిగాడు. నా మీద కూర్చోవడానికి ఎవరికి అర్హత ఉందో అడిగే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. ఆయనకూ చోటిచ్చాను.

"పాట పాడాల్నా బిడ్డా? వద్దంటె వద్దు," అని సంతోషమ్మ యాకమ్మను అడిగింది.

"మీరు ఐతారం పాడేటిది పాడుండ్రి. గోడ అవతల నుంచి ఆయన ప్రతిసారి ఇనెటోడు."

పాడారు. సాయంత్రానికి వాగు ఉరవడి తగ్గి దారి పడింది. చుట్టాలు డప్పులతో, బంతిపూలతో వచ్చి, తమ పద్ధతి ప్రకారం చేయాల్సినవన్నీ చేసి అతన్ని గౌరవంగా తీసుకుపోయారు. చర్చి గుమ్మంలోంచి డప్పులు వెళ్లడం అదే మొదటిసారి. మరునాడు అయ్యగారు వచ్చి సంగతంతా విని జక్కరయ్యను ఒకటే అడిగారు, "మరి తడిసిన కుర్చీలు తుడిచావా?" అని.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. ఇప్పుడు కుర్చీలు గోడ వారగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్ల కోసం. యోబు అసలు కోరుకున్నది కూడా అదే అయి ఉంటుంది. నడుమంతా నాది. చర్చి తలుపు ఆదివారానికే తెరుచుకునే పద్ధతి పోయింది. మధ్యాహ్నం హమాలీలు వచ్చి నా మీద సద్దులు విప్పుకుంటారు. పరీక్షల కాలంలో ఇళ్లలో చోటు లేని ఆడపిల్లలు వచ్చి చదువుకుంటారు, మధ్యలో నిద్రపోతారు. కిరాయి ఇళ్లలో ఎవరైనా పోతే ఏ మతం వాళ్లయినా తాళంచెవి కోసం జక్కరయ్య ఇంటికి వస్తారు. ఆయన ఇప్పుడు నాటకంలో ఆ వేషం వేయడం లేదు. గొంతు బాగాలేదంటాడు. నల్లా దగ్గర నుంచి ఆయన అరుపులు మాకు రోజూ వినబడుతూనే ఉంటాయి.

నేను పాతబడ్డాను. ఎరుపు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. అంచులు పీచులు పీచులుగా లేచాయి. మొన్నెవరో కొత్తది కొందామన్నారు. "కొందాం. దీని పక్కన పరుద్దాం," అంది సంతోషమ్మ. నన్ను తీసేస్తామనలేదు, విన్నారా? నా పక్కన.

అయితే నా గర్వమంతా ఎక్కడుందో మీకింకా చెప్పలేదు. అది రాజమొగిలి పెద్దదినం కర్మ అయ్యాక వచ్చిన మొదటి ఆదివారంలో ఉంది.

ఆ పొద్దున సంతోషమ్మ ఒక్కతే ముందుగా వచ్చి, గాలికి వరండాలో ఉంచిన నన్ను లోపలికి గుంజలేక ఆయాసపడుతోంది. గేటు బయట యాకమ్మ నిలబడి ఉంది. బొట్టు లేని నుదురు, ఖాళీ చేతులు. లోపలికి రాదు, వెళ్లిపోదు.

"నిలవడ్డవేంది బిడ్డా? రా, ఆ కొస పట్టు."

యాకమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. మొగుడు పోయిన ఆడది పదిమంది కూర్చునే చోట చెయ్యి పెట్టకూడదని, ఎదురు రాకూడదని ఊరు ఆమెకు అప్పటికే నేర్పింది.

"నా చెయ్యి వెట్టొచ్చునా అవ్వా? నలుగురు కూసునేది గదా."

సంతోషమ్మ నడుము మీద చెయ్యి వేసుకొని ఆమె వంక చూసింది. ఎన్నడూ లేనిది, ఆమె గొంతు చిన్నదైంది.

"నీ చెయ్యి వెట్టకుంటె ఇది లేవది బిడ్డా. నాతోని ఒక్కదానితోని అయితదా?"

యాకమ్మ చెప్పులు విడిచింది. చేతులు కొంగుకు తుడుచుకొని వంగి నా కొస అందుకుంది.   ఇద్దరూ లాగారు. హాలు నడుమ నన్ను దులిపి, ముడత లేకుండా పరిచారు. తరువాత యాకమ్మ ఎక్కడ కూర్చోవాలో తెలియక నా చిట్టచివరి అంచు మీద, తలుపు పక్కన, సగం నేల మీద సగం నా మీద కూర్చుంది.

గంట మోగింది. జనం వచ్చారు. మొదటి పాట సగంలో ఉండగా గుమ్మంలో ఒక ముసలాయన కనిపించాడు. ఎవరో బాటసారి, చంకలో మూట, లోపలికి రావచ్చో లేదో తెలియక చూస్తున్నాడు. అందరూ కళ్లు మూసుకొని పాడుతున్నారు. యాకమ్మ ఒక్కతే చూసింది. ఆమెకు ఆ నిలబడటం తెలుసు.

మోకాళ్లు దగ్గరికి ముడుచుకొని లోపలికి జరిగింది. తాను ఖాళీ చేసిన చోట, నా మీద అరచేత్తో ఒకసారి దులిపింది.

"రా తాతా," అంది. "జాగుంది."